అందరికీ ఒక్కో కాపీ

జల్‌పల్లి,
డిసెంబరు మొదటి వారం.

బిడ్డా రూపా,

ఎట్లున్నవే? ఇక్కడ మేమంత మంచిగనే ఉన్నం. నెల సంది నీకు ఫోన్ చేస్తున్న. రింగయితది గని నువ్వు ఎత్తుతలేవు. మా మనుమరాలు వర్షిత వాట్సాప్ పెట్టింది. నువ్వు చూసినవట, జవాబియ్యలేదట. అందుకే కాయితం మీద రాస్తున్న. ఏడో తరగతి దాక చదివిన నా చదువు ఇట్లన్న పనికొస్తుంది.

ఛత్రినాక ఇడిచి జల్‌పల్లికి వచ్చినంక బర్లకు జాగ దొరికింది గని నాకు మాట్లాడెటందుకు మనుషులు దొరుకుతలేరు. అక్కడ గోడకు అటు మీరు, ఇటు మేము. మీ నాయిన డానియేలు లైన్‌మన్ డ్యూటీకి, మీ అమ్మ దవాఖాన డ్యూటీకి పోతే నువ్వు మా ఇంట్లనే తింటివి, మా ఇంట్లనే పండుకుంటివి. నీ ముక్కు తుడిచింది నేను, నీకు జడలేసింది నేను. నువ్వు ఇంజినీరువై, ఇన్నేండ్లు కరెంటు ఆఫీసుల చేసి, ఇప్పుడు కరెంటు రేట్లు తేల్చే కమిషన్ల మెంబరువైతే పాత గల్లీల మిఠాయి పంచింది నేనే. యాదిల పెట్టుకో.

ఇంటి ముచ్చట్లు ఏమంటే, నీ తమ్ముడు మహేందర్‌కు మొలల ఆపరేషన్ అయింది. వారం బోర్ల పండుకున్నడు. ఇప్పుడు దిండు ఏసుకోని కూసుంటుండు. వర్షిత పదో తరగతికొచ్చింది, పొద్దంత ఫోనే. కోడలు స్రవ్య సంగతి నీకు ఎరికే. పొద్దెక్కే దాక లేవది. పాలోళ్ళ ఇంట్ల పొద్దెక్కే దాక పండుకునే కోడలిని నేనైతే యాడ చూడలె. బర్లు ఒర్రి ఒర్రి ఊకుంటున్నయి.

ఇగ అసలు ముచ్చట. పాలు సల్లబెట్టే మిషన్ పెట్టుకున్నం. అది పెట్టిన సంది మా మీటరును దుకాణాల మీటరు చేసిండ్రు. బర్ల కొట్టానికి, పత్తర్‌గట్టిల బట్టల షాపుకు ఒకటే రేటా? ఇది గిట్లనే ఉంటే మిషన్ బంద్ పెట్టాలె. మిషన్ బంద్ పెడితే పాలు విరుగుతయని ఎవడెంతకడిగితే అంతకు పొయ్యాలె. ఆ తర్వాత కొట్టమే ఉండది.

మా పాలోళ్ళ సంఘానికి పెద్ద అంజన్ సేట్. పార్టీల గూడ పెద్ద లీడర్. ఆయనే మీ కమిషన్ల కేసు ఏసిండు. నువ్వు చెయ్యాల్సింది ఒక్కటే. పాలు సల్లబెట్టే మిషన్లు ఎక్కడున్నా, ఎంత పెద్దవైనా, అన్నిటికి తక్కువుండే కుటీర పరిశ్రమ రేటు ఎయ్యాలె అని రాయి. నువ్వు రాస్తే అయిపోతది. పెద్దమ్మ మొదటిసారి అడుగుతుంది, కాదనకు.

నీ యేసయ్య, నా మహంకాళమ్మ ఇద్దరూ నిన్ను సల్లగ చూడాలె.

నీ పెద్దమ్మ,
శారదమ్మ.


కమిషన్ కార్యాలయం, హైదరాబాద్,
డిసెంబరు రెండో వారం.

శారదమ్మ గారికి,

నమస్కారం. మీ ఉత్తరం అందింది.

మా ముందు నడుస్తున్న కేసు గురించి ఒక మెంబరుతో ఎవరు విడిగా ఏం చెప్పినా, నోటితో చెప్పినా కాగితం మీద చెప్పినా, దాన్ని కేసులో ఉన్నవాళ్ళందరికీ చూపించాలి. అది మా పద్ధతి. మంత్రి చెప్పినా అంతే, మీరు చెప్పినా అంతే. అందుకని మీ ఉత్తరాన్ని ఫైలులో పెట్టించాను. కరెంటు కంపెనీకి ఒక కాపీ, ఫ్యాక్టరీల సంఘానికి ఒక కాపీ, పిటిషన్ వేసిన అంజన్ గారికి ఒక కాపీ వెళ్ళాయి. కమిషన్ వెబ్‌సైటులో కూడా పెట్టారు.

ఉత్తరం మొత్తం పెట్టించాను. ఇంటి సంగతులు కొట్టేసి పెట్టమని మా ఆఫీసులో దీక్షిత్ అన్నాడు. నేనే వద్దన్నాను. ఒక్క వాక్యం కొట్టేసినా, ఆ కొట్టేసిన చోట ఏముందో అని అడుగుతారు.

నేను మీ ఇంట్లో పెరిగిన మాట కూడా రాసి ఇచ్చాను. అది తెలిసాక నేను ఈ కేసు వినకూడదని ఎవరికైనా అనిపిస్తే, జనవరి నెలాఖరు లోపల రాతపూర్వకంగా చెప్పమని అందరికీ తెలియజేశాం. ఒక్కరు సరైన కారణం చూపినా నేను తప్పుకుంటాను. మిగతా ఇద్దరు, అంటే చైర్మన్ గారూ ఇంకొక మెంబరూ వింటారు.

పిటిషన్‌లో పాలవాళ్ళ సంఘం పేరుంది. దానితో పాటు అంజన్ గారి కోల్డ్ స్టోరేజీ పేరు కూడా ఉంది. ఇది అందరికీ తెలిసిన కాగితమే కాబట్టి మీకు చెబుతున్నాను.

ఫిబ్రవరిలో ఛత్రినాక దగ్గర ఫంక్షన్ హాలులో బహిరంగ విచారణ ఉంటుంది. ఎవరైనా రావచ్చు. తెలుగులో గానీ ఉర్దూలో గానీ మాట్లాడవచ్చు. లాయరు అక్కరలేదు. మీరు చెప్పాలనుకున్నది అక్కడ చెప్పండి.

ఆర్డరు వచ్చి, దాని మీద అప్పీలు గడువు ముగిసే దాకా నేను మీ ఇంటికి రాలేను. ఫోను ఎత్తలేను. ఈ ఉత్తరం కూడా ఫైలులోకే వెళ్తుంది. మిమ్మల్ని మీరు అని రాయడం అందుకే.

మహేందర్ త్వరగా కోలుకోవాలని కోరుకుంటున్నాను.

ఇట్లు,
రూప, మెంబరు.


జల్‌పల్లి,
జనవరి మొదట్ల.

మెంబరు మేడం గారికి,

మీరు అంటవా నన్ను? సరే. నేను గూడ అంటున్న చూడు. మేడం గారూ, మీరు మా ఇజ్జత్ మొత్తం తీసిండ్రు.

నా ఉత్తరం వెబ్‌సైట్ల ఉంటే ఎవరు చూస్తరులే అనుకున్న. జల్‌పల్లి వాట్సాప్ గ్రూపుల అన్నిట్ల తిరుగుతుంది. మహేందర్ ఛాయ్ హోటల్‌కు పోతే "రా మహేందర్ భాయ్, నీ కోసం కుర్చీల దిండు ఏసినం" అంటుండ్రట. వాడు ఆ హోటల్ ఇడిసిపెట్టి అవతలి గల్లీల హోటల్‌కు పోతుండు. అక్కడ గూడ అదే మాట. గడ్డి ట్రాక్టరోడు గూడ "మొలలు ఎట్లున్నయి అన్నా" అని అడిగి గడ్డి దించిండు.

స్రవ్య చదివింది. తెల్లారి చీకట్ల నా మంచం కాడికొచ్చి నిలబడ్డది. "లేసిన అత్తమ్మా, రాసుకో" అన్నది. అప్పటి సంది రోజూ అదే. నా నిద్ర పోయింది. ఆమె మునుపు గూడ జల్దినే లేస్తుండె అని మహేందర్ అంటుండు. నాకు చెవులు మందం, లేసిన సప్పుడు నాకేం ఎరిక?

నువ్వు నా కడుపుల పుట్టకపోయినా నేను ఎన్నడన్న తేడా చేసిన్నా? నాలుగు ముక్కలు రాసినందుకు నన్ను బజార్ల పెడితివి. చాన కోపమొచ్చింది. ఇప్పటికీ ఉంది.

గని ఒక ముచ్చట సమజ్ కాలె. ఊరంత నవ్వుతుంటే అంజన్ సేట్ గూడ నవ్విండు, గని ఆయన నవ్వు వేరే. ఇంటికొచ్చి కూసోని "మంచిపనే అయిందమ్మా. ఆమె పని చేసినా సరే, కుర్చీ దిగినా సరే, మనకు రెండూ ఒకటే" అన్నడు. "కుర్చీ ఎందుకు దిగుతది?" అన్న. "నీ ఇంటి బిడ్డ గద, నీ కేసు ఎట్ల వింటది? రేపు అందరు అడుగుతరు. పైనుంచి గూడ చెప్పిస్తున్న. మిగిలిన ఇద్దరితోని నేను మాట్లాడుకుంట" అన్నడు.

అప్పుడు నాకు తెలివొచ్చింది. నీకు ఉత్తరం రాయి అని నాకు చెప్పింది ఆయనే. "ఎంత పెద్దవైనా" అనే మాట గూడ ఆయనదే, పక్కన కూసోని చెప్పి రాయించిండు. నా మిషన్ ఎంతుంటది? బీరువంత గూడ ఉండది. పెద్దదాంతోని నాకేం పని? ఆయన కోల్డ్ స్టోరేజీ పెద్దది. మా పాలోళ్ళ పేరు ముందట పెట్టి ఆయనది ఎనక నుంచి దాటిస్తుండు. అది అయితె అయింది, కాకుంటె నిన్ను దించుడు. నువ్వు నీ ఇష్టంతోని కుర్చీ దిగితే దిగు. నా వల్లనైతె దిగొద్దు.

ఈ ఉత్తరం గూడ వెబ్‌సైట్ల పెట్టు. ఎట్లాగూ పోయిన ఇజ్జతే. అంజన్ సేట్‌కు గూడ ఒక కాపీ పంపు. మొదటిది పంపినవు గద, ఆయన అడ్రసు నీ దగ్గర ఉంటది.

శారదమ్మ.


కమిషన్ కార్యాలయం, హైదరాబాద్,
జనవరి చివర.

శారదమ్మ గారికి,

మీ రెండో ఉత్తరం ఫైలులో పెట్టించాను. కాపీలు అందరికీ పంపారు. అంజన్ గారికీ పంపారు.

విచారణ రోజున నేను సిటీ బస్సులో వస్తాను. ఆఫీసు కారు ప్రస్తుతం లేదు. బస్‌స్టాపు దగ్గర గానీ హాలు బయట గానీ నేను కనపడితే దయచేసి పలకరించకండి. తెలిసినవాళ్ళకు కూడా చెప్పండి.

నా గురించి ఫికర్ చెయ్యకండి.

ఇట్లు,
రూప, మెంబరు.


జల్‌పల్లి,
ఫిబ్రవరి.

బిడ్డా రూపా,

ఇది ఇప్పుడే డబ్బల ఏస్తలేను. రాసి పెడుతున్న, నీ ఆర్డర్ వచ్చిన దినం ఏస్త. మళ్ళ కాపీలు తియ్యకు.

నువ్వు పైన కూసున్నవ్. కింద ఏమైందో నీకు తెల్వది. అందుకే రాస్తున్న.

పొద్దుగాల నువ్వు బస్ దిగినవ్. చేతిల ఫైళ్ళు, సంకల నీళ్ళ సీసా. కారు ఎందుకు లేదో నాకు అప్పుడే అర్థమైంది, గని అడిగెటట్టు లేదు గద. పూలమ్మే నాగమణమ్మ నిన్ను చూసి "ఓ రూపక్కా!" అని ఉరికింది. నేను దాని కొంగు వట్టి గుంజిన. "ఏందే, మన రూప గాదా?" అంటది. "ఇయ్యాల కాదు, నోరు మూసుకో" అన్న. "ఏం కొట్లాడిండ్రా?" అంటది. నువ్వు మా ముందట నుంచే పోయినవ్. నేను గోడ దిక్కు తిరిగి నిలబడ్డ. గోడ మీద కోచింగ్ సెంటర్ పోస్టర్ ఉంటే అది మొత్తం చదివిన.

హాలు నిండింది. పాలోళ్ళంత ఒక దిక్కు, ఫ్యాక్టరీలోళ్ళు ఒక దిక్కు. అంజన్ సేట్ మా దిక్కే ముందట సోఫాల కూసున్నడు. నా పేరు పిలిచిండ్రు. "మేడం గారూ, సార్లూ" అన్న. నిన్ను మేడం అంటే నోట్లె మట్టి పడ్డట్టైంది. బర్ల కొట్టానికి బట్టల షాపు రేటు ఎందుకని అడిగిన. ఇంకేదో అనుకున్న, మర్చిపోయిన. వచ్చి కూసున్న.

అప్పుడు అంజన్ సేట్ లాయరు లేసిండు గద. "ఈ మెంబరు మేడం ఇప్పుడు మాట్లాడిన శారదమ్మ ఇంట్ల పెరిగిన మనిషి. ధర్మం ప్రకారం లేచిపోవాలె" అన్నడు. మా పాలోళ్ళకే సమజ్ కాలె. మన కేసే గద, మన లాయరే గద, మన మనిషిని ఎందుకు లేపుతుండు అని గుసగుసలు. నాకు మాత్రం సమజైంది. నువ్వు లేస్తవేమో అని నీ కాళ్ళే చూస్తున్న. టేబుల్ కింద కనపడుతున్నయి. కదలలె.

చైర్మన్ సార్ అడిగిండు: "ఈ సంగతి మేమే మీకు డిసెంబరులో పంపినం. గడువు ఇచ్చినం. అప్పుడు రాసియ్యలేదేం?"

"అప్పుడు మా దృష్టికి రాలేదు సార్."

"ఆ ఉత్తరం రాయించింది మీ క్లయింటే అని ఆమె రెండో ఉత్తరంల ఉంది. అది గూడ పంపినం. దానికి జవాబేది?"

లాయరు అంజన్ సేట్ దిక్కు చూసిండు. అంజన్ సేట్ ఫోన్ దిక్కు చూసిండు.

ఫ్యాక్టరీలోళ్ళ లాయరమ్మ లేసి "సార్, ఆ ఉత్తరం మా సంఘంల చదవనోళ్ళు లేరు. వాళ్ళకు రేటు తగ్గితే ఆ భారం మా మీద పడ్తది, మా కరెంటు ఖర్చు పెంచుమని అడిగే ఉత్తరమే అది. అయినా అంత బహిరంగంగ పెట్టినంక మాకు మెంబరు గారి మీద అభ్యంతరం లేదు. మహేందర్ గారు ఇప్పుడు ఎట్లున్నరో తెలుసుకోవాలని మాత్రం ఉంది" అన్నది. హాలంత ఒకటే నవ్వు. నా పక్కన మహేందర్ తల మోకాళ్ళ నడుమ పెట్టుకున్నడు. నువ్వు నవ్వలె. పెన్ను మూత పెట్టినవ్, తీసినవ్.

"ఇంకెవరికన్న అభ్యంతరం ఉందా?" అన్నడు చైర్మన్.

"నాకుంది సార్!"

నా ఎనక నుంచి. స్రవ్య! నా పానం పోయింది.

"ఎవరమ్మా మీరు?"

"పొద్దెక్కే దాక లేవని కోడలిని సార్."

ఇగ చూడు లొల్లి. చప్పట్లు గూడ కొట్టిండ్రు. చైర్మన్ సార్ మూతికి చెయ్యి అడ్డం పెట్టుకోని "అభ్యంతరం మెంబరు మేడం మీదనా?" అన్నడు.

"కాదు సార్, మా అత్తమ్మ మీద. గవర్నమెంటు వెబ్‌సైట్ల నా మీద అబద్ధం ఉంది. నేను కోడి కూయకముందే లేస్త. అది గూడ రాసుకోవాలె."

"రాసుకోండి" అన్నడు సార్. టైపు చేసేటామె నిజంగనే టైపు చేసింది.

అప్పుడు నువ్వు నోరు తెరిచినవ్, పొద్దటి సంది మొదటిసారి. "అంత జల్ది లేచి ఏం చేస్తరు?" అని. మీరు అన్నవ్ గని, గొంతు మన గల్లీదే.

స్రవ్య ఏం చెప్పిందో నువ్వు ఇన్నవ్. పాలు పిండుతం, మిషన్ల పోస్తం, వ్యాన్ వచ్చే దాక నడిపిస్తం, వ్యాన్ పోంగనే బంద్ చేస్తం, మళ్ళ పొద్దుగూకంగ అంతే. "నడుమ నడిపియ్యరా?" అన్నవ్. "పాలు ఉంటె గద మేడం సల్లబెట్టేది" అన్నది. వెంటనే నువ్వు లాయరు దిక్కు తిరిగి "మీ కోల్డ్ స్టోరేజీ?" అన్నవ్. "మాది ఎప్పుడూ నడుస్తనే ఉంటది మేడం, ఒక్క గంట ఆగినా సరుకు పాడైతది" అన్నడు, గొప్పగ. అన్నంక నాలిక కరుసుకున్నడు.

బయటికొచ్చినంక అంజన్ సేట్ నా మీదికొచ్చిండు. "నీ కోడలిని కూసోబెట్టకపోతివి!" అని. "ఆమె నా మాట ఎన్నడన్న విన్నదా సేట్?" అన్న.

ఇంటికొచ్చినంక స్రవ్యకు ఛాయ్ నేనే పెట్టిచ్చిన. తాగింది. "చక్కెర తక్కువైంది" అన్నది. ఇప్పుడు పొద్దుగాల వచ్చి నిలబడుతలేదు.

నువ్వు ఏం రాస్తవో నాకు తెల్వది. మాకు కాదని రాసినా నేనేమనుకోను. కొట్టం పోతే బాధనే, అది వేరే ముచ్చట. గని ఆ కుర్చీల నుంచి నిన్ను లేపుతుంటే చూసుడు నాతోని కాకపోతుండె.

నీ పెద్దమ్మ.


హైదరాబాద్,
ఏప్రిల్.

పెద్దమ్మా,

నీ ఉత్తరం అందింది. కాపీలు తీయలె. ఆర్డర్ అయిపోయింది కాబట్టి నువ్వు అని రాస్తున్న. నిన్ను మీరు అని రాసిన రెండుసార్లూ చెయ్యి తిరగక కాగితం చింపి మళ్ళ రాసిన.

ముందు నీకు కావాల్సింది చెప్త. చిన్న కొట్టాల మిషన్లు, ఒక హద్దు లోపల కరెంటు వాడేవి, కుటీర పరిశ్రమ రేటుకు మారుతయి. ఈ నెల సందే అమలు. పొద్దున్న, సాయంత్రం కొద్దిసేపు నడిచే వాటికీ, ఆగకుండ నడిచే వాటికీ తేడా ఉందని ఆర్డర్ల రాసినం. పెద్ద కోల్డ్ స్టోరేజీలు ఎక్కడున్నయో అక్కడనే ఉంటయి. నువ్వడిగింది మొత్తం రాలె. నెలనెలా కట్టే స్థిర ఛార్జీ తగ్గియ్యలేకపోయినం, దానికి లెక్క కుదరలె. కానీ మిషన్ బంద్ పెట్టే అవసరం రాదు. ముగ్గురం ఒకే మాట మీద సంతకం చేసినం. రెండో మెంబరు ఆఖరు దినం దాక ఏమీ చెప్పలె, నాకు అనుమానమే ఉండె. ఆయన వచ్చి సంతకం చేసి "మీ పెద్దమ్మ కోడలు బాగున్నదా?" అని అడిగి పోయిండు.

నీకు చెప్పని సంగతులు కొన్ని ఉన్నయి. అప్పుడు చెప్తే అవి గూడ కాపీలు తీయాల్సి వస్తుండె.

డిసెంబరు నుంచి పైనుంచి ఫోన్లు వచ్చినయి. పెద్దాఫీసుల నుంచి ఒకాయన మర్యాదగనే మాట్లాడుతుండె. "కోల్డ్ స్టోరేజీ విషయం జెర చూడండి మేడం" అని. నేను ప్రతిసారీ ఒక్కటే చెప్పిన. సర్కారు ఒకరికి రేటు తగ్గియ్యాలనుకుంటే చట్టంల దారి ఉంది. కాగితం మీద రాసి పంపాలె, తగ్గించినంత సొమ్ము సర్కారే కరెంటు కంపెనీకి ముందుగ కట్టాలె, అది అందరికీ కనపడాలె. కాగితం పంపండి, ఫైలుల పెడ్త, అన్న. ఫోన్ వచ్చిన ప్రతిసారీ ఆ సంగతి గూడ రాసి ఫైలుల పెట్టిన. కాగితం రాలె. ఫోన్లు గూడ తగ్గినయి.

తర్వాత కారు తీసుకున్నరు, రిపేరు అని. దీక్షిత్‌ను వేరే ఆఫీసుకు పంపిండ్రు. నా గదికి ఏసీ పోతే బాగు చెయ్యలె, అది చలికాలం కాబట్టి నాకు తేడా తెలియలె. నా కుర్చీ ఐదేండ్లకు ఇచ్చింది. ఊరికే తీసెయ్యలేరు. నేనే విసిగి దిగాలని వాళ్ళ ఆలోచన.

నిజం చెప్పాలంటే జనవరిల ఒక దినం దిగుదామనే అనుకున్న. రాజీనామా టైపు చేయిద్దామంటే టైపు చేసే దీక్షిత్ లేడు. చేత్తోని రాద్దామని కూసున్న. అప్పుడే టపా వచ్చింది. నీ రెండో ఉత్తరం. "అంజన్ సేట్‌కు గూడ ఒక కాపీ పంపు" అన్న కాడికి వచ్చేసరికి ఆఫీసుల ఒక్కదాన్నే కూసోని నవ్విన. అటెండరు వచ్చి "ఏమైంది మేడం" అన్నడు. జిరాక్సు తీసుకురమ్మని పంపిన. రాజీనామా సంగతి మళ్ళ గుర్తుకు రాలె.

హాలు కాడ నువ్వు గోడ దిక్కు తిరిగి నిలబడ్డప్పుడు నిన్ను చూసిన. ఆ దినం మొత్తంల నాకు కష్టమనిపించింది అదొక్కటే. లాయరు లేవమన్నప్పుడు కూడా అంత అనిపియ్యలె.

అంజన్ అప్పీలుకు పోతడేమో చూడాలె. గడువు అయ్యే దాక ఆగుత. పోకపోతే బోనాలకు వస్త. స్రవ్యకు చెప్పు, ఆమె మాట మా రికార్డుల శాశ్వతంగ ఉంటది.

కారు తిరిగి ఇచ్చిండ్రు. ఏసీ ఇంకా బాగు చెయ్యలె, ఇప్పుడు ఎండలు ముదిరినయి.

నీ బిడ్డ,
రూప.


జల్‌పల్లి,
బోనాలైన తెల్లారి, సోమవారం.

బిడ్డా,

నిన్న నువ్వు వచ్చి పోయినంక ఇల్లు బోసిపోయింది. బోనాలకు వచ్చిన చుట్టాలందరు పోయిండ్రు. మహేందర్ దిండు లేకుండ కూసోని ముక్కలు కొరుకుతుండు. మిషన్ నడుస్తుంది. కొత్త మీటరు రేటు పడ్డది. స్రవ్య ఇంకో రెండు బర్లు కొందామంటుంది. నేను వద్దన్న. ఎట్లాగూ కొంటది.

నీకు ఒక ముచ్చట చెప్పలె. నువ్వు లేసినంక చెప్దామనుకున్న గని, చెప్తే నీ మొఖం మళ్ళ ఆఫీసు మొఖం అయితదని ఊకున్న. ఇప్పుడు రాస్తున్న.

నువ్వు తిన్నంక ముందటర్ర చాప మీద ఒరిగినవ్ గద. "రెండు నిమిషాలు" అన్నవ్. ఆ పండుడు పండుడు పొద్దు గుంకే దాక లేవలె. గల్లీల డప్పులు, పోతరాజు, పోరగాండ్ల అరుపులు. వర్షిత నిన్ను దాటుకుంట ఇటు పోయింది, అటు పోయింది. నువ్వు కదిలితే ఒట్టు. నోరు తెరుచుకోని గుర్రు పెట్టుడు గూడ. ఇన్ని నెలలు నువ్వు నిద్ర పోలేదని నాకు అప్పుడు తెలిసింది.

అంత సేపట్ల అంజన్ సేట్ వచ్చిండు. పండుగకు ఇంటింటికి పోతడు గద, లీడర్. ఎనక నలుగురు. మహేందర్ చూసిండు, ఉరికొచ్చి తలుపు మూయబోయిండు. "ఎందుకురా?" అన్న. "రూపక్క ఉన్నది గద అమ్మా, చూస్తే లొల్లి చేస్తడు." "ఏం లొల్లి? కేసు అయిపోయింది, గడువు అయిపోయింది. ఆమె దొంగతనంగ వచ్చిందా? పండుగకు ఇంటికొచ్చింది. ఉండనియ్యి" అన్న.

అంజన్ సేట్ గడప కాడికి వచ్చి ఆగిండు. నిన్ను చూసిండు.

"మేడం గద?"

"అవును సేట్. లేపుమంటవా?"

నువ్వు పండుకున్న తీరు ఆయన కొంచెం సేపు చూసిండు. ఏమనుకున్నడో తెల్వది. "వద్దమ్మా, పండుకోనియ్యి" అన్నడు. ఎంబడి వచ్చినోళ్ళను సైగ చేసి గల్లీలకు పంపిండు. అరుగు మీద కూసున్నడు. చల్ల అడిగి తాగిండు. ఢిల్లీల అప్పీలుకు పోదామనుకున్నడట, ఏం రాసినా ఆ ఆర్డర్ విరిగెటట్టు లేదని లాయరే వద్దన్నడట. "మంచిగ రాసింది అమ్మా, మాకు ఎక్కడ సందు ఇడవలె" అన్నడు. కోపంగ అనలె. గిట్టని మనిషి వంట బాగుందని ఒప్పుకున్నట్టు అన్నడు. చిన్న కొట్టాలకు వచ్చింది గద, అది తనే తెప్పిచ్చిన అని ఊర్ల చెప్పుకుంటుండట. చెప్పుకోనియ్యి.

పోయేటప్పుడు నీ మొఖం మీద ఎండ పడుతుందని తలుపు దగ్గరికెయ్యబోయిండు.

"తీసి ఉండనియ్యి సేట్," అన్న, "గాలొస్తుంది."

నీ పెద్దమ్మ.